వరహాలు రక్తంలో ఆరు శాతం

రోజు 1

కొత్త పుస్తకం తెరిచాను. పాతదాంట్లో ఇంకా నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి గాని, ఈ వార్తని నీటి ఫిల్టర్ల వివరాల కింద ఇరికించడానికి మనసొప్పలేదు. మా వరహాలు మూత్రపిండం తయారైంది.

పొద్దున మామూలుగానే మొదలైంది. కడుగుడు గది తలుపు సీలు తీసి, గుమ్మం దగ్గర పేరుకున్న ఎర్ర దుమ్ము తుడిచి, ఎనిమిది కుర్చీల గొట్టాల్లోకి మందు నీళ్ళు వదిలాను. ఈ నాలుగో గుమ్మటంలో మూడువందల మందిమి ఉన్నాం. భూమి నుంచి ఓడలో వచ్చిన ఎనిమిది నెలల్లో ఆకాశపు కిరణాలు తగిలి ఇరవైఅయిదుగురికి మూత్రపిండాలు పాడయ్యాయి. వాళ్ళలో ఇప్పుడున్న ఇరవైముగ్గురి రక్తాన్ని వారానికి మూడుసార్లు యంత్రంలో కడిగేది నేనే. పేరు దమయంతి, వయసు నలభై ఆరు. కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటాడు. ఆయన మంచుగనిలోనే ఎక్కువ ఉంటాడు కాబట్టి ఆ కోపం పాలబడేది ఆయన చెల్లెలు వరహాలు.

పది గంటలకి పెద్దూరి ఆసుపత్రి నుంచి డాక్టర్ మెహరున్నీసా గారు రేడియోలో పలికారు.

"దమయంతి గారూ, మీ ఆడపడుచు కణాల నుంచి పెంచినది సిద్ధమైంది. జాడీలో ఇక నూట అయిదు రోజులు నిలుస్తుంది. తొంభై ఆరో రోజున మా బండ్లు మీ గుమ్మటానికి వస్తాయి, ఆవిణ్ణి తీసుకెళ్తాయి. కాకపోతే ఒక షరతు ఉంది."

షరతు కొత్త యంత్రం రూపంలో నిన్నటి బండిలోనే దిగింది. రక్తపు చుక్క వేస్తే, ఎర్రకణాల పొరలో నాచునూనె కొవ్వు ఎంత శాతం ఉందో చెబుతుంది. ఆ అంకె ఆరుకి తగ్గకూడదు. తగ్గితే ఆపరేషను మత్తులో ఉండగా గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువట. పెద్దూర్లో ముగ్గుర్ని అలా పోగొట్టుకున్నాకే ఈ నియమం పెట్టారు.

ఇంతేనా అనుకున్నాను. నాచునూనె మాకేం కొత్త కాదు. కడుగుడులో బయటికి పోయిన నీళ్ళే మా నాచు తొట్టెలకి ఎరువు. ఆ నాచు నుంచి తీసిన నూనె రోజుకి రెండు చెంచాల చొప్పున ప్రతి రోగికీ పేరు రాసిన సీసాలో వెళుతుంది. పైగా ఆ తొట్టెలు చూసుకునేది వరహాలే.

రెండో కుర్చీలో ఉన్న వరహాలుకి విషయం చెప్పాను. గొట్టాలు తగిలించిన చెయ్యి కదపకూడదని తెలిసి కూడా లేచి కూర్చుంది.

"నిజిమేనా వదినా? నా మీద ఒట్టెయ్యి."

"ఒట్టు తరవాత వేస్తాను, ముందు చెయ్యి దించు."

కుజదోషం ఉందని మూడు సంబంధాలు తప్పిపోతే విసుగెత్తి ఏకంగా కుజుడి మీదకే వచ్చేసిన మనిషి ఇది. ముప్ఫై నాలుగేళ్ళు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ కుర్చీకే అతుక్కుపోయింది. ఇన్నాళ్ళకి గ్రహం కరుణించినట్టుంది.

రోజు 3

గ్రహం కరుణించలేదు. ఇరవైముగ్గురికీ పరీక్ష చేశాను. ఇరవైరెండుమందికి నాలుగు లోపే. వరహాలుకి 3.4.

మిగిలిన ఆ ఒక్కరు తవిటమ్మ. డెబ్భై ఒకటేళ్ళ ముసలమ్మ, అందరికంటే ఎక్కువకాలం నుంచి కడుగుడులో ఉన్నది, నేను చెప్పిన మాట ఒక్కటీ విననిది. ఆవిడకి 8.2 వచ్చింది. రెండోసారి తీశాను. మళ్ళీ 8.2. ఈ గుమ్మటంలో ఆరోగ్యానికి బహుమతి ఇవ్వాలంటే చిట్టచివర ఆవిడకి ఇస్తాను. అలాంటిది ఆవిడ గుండె మా అందరి గుండెలకంటే భద్రంగా ఉందట.

రోజు 11

ముందు యంత్రాన్ని అనుమానించాను. నా రక్తం, మా ఆయన రక్తం, పెద్దూరు పంపిన నమూనా రక్తం, అన్నీ వేసి చూశాను. యంత్రం తప్పు లేదు.

తరవాత నూనెని అనుమానించాను. అది తప్పయిపోయింది. ఎందుకంటే నూనెని అనడమంటే తొట్టెల్ని అనడం, తొట్టెల్ని అనడమంటే వరహాలుని అనడం.

"ఎనిమిదేళ్ళ బట్టి పిల్లల్లాగ సాకుతన్నాను," అంటూ ఒంటికాలి మీద లేచింది. "నా నాచుకి పేరు పెడతావేటి వదినా? కావాలంటే సీసా పట్టుకెళ్ళి నీ యంత్రంలో పోసుకో."

పోశాను. నూనె బంగారంలా ఉంది. ఎంత కొవ్వు ఉండాలో అంతా ఉంది. సీసా తిరిగిచ్చి క్షమించమన్నాను. వరహాలు సీసా తీసుకుంది గాని క్షమాపణ తీసుకోలేదు.

డాక్టరు గారు మోతాదు రెండింతలు చెయ్యమన్నారు. రోజుకి నాలుగు చెంచాలు. ఈరోజు నుంచే మొదలు.

రోజు 33

మూడు వారాలు నాలుగేసి చెంచాలు పంపితే వరహాలు అంకె 3.5 అయింది. అంటే ఏమీ కానట్టే.

డాక్టరు గారికి రేడియోలో చెప్పాను. "దమయంతి గారూ, తప్పుగా అనుకోకండి. మీవాళ్ళు తాగడం లేదేమో. పారబోస్తున్నారేమో. మా దగ్గర చాలామంది అలాగే చేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బతుకు మీద ఇంత ఆశ ఉన్న పిల్ల పారబోస్తుందా? మర్యాద కోసం రేడియో కట్టేశాక తిట్టాను. తిట్టి, కుర్చీలు తుడుస్తుంటే చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇరవైరెండుమంది ఎందుకు తక్కువని ముప్ఫై రోజులుగా తల బద్దలు కొట్టుకున్నాను. ఒక్కావిడకి ఎందుకు ఎక్కువని ఒక్కసారి కూడా అడగలేదు.

రోజు 34

ఈరోజు తవిటమ్మ వెనకాల పడ్డాను. ఇలాంటి పనిలో ఇంత ఉత్సాహం ఉంటుందని నాకు తెలియదు. ఆవిడ లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. పది గంటలకే కనిపెట్టేసింది.

"ఒలే దమయంతీ, ఏటలా నా సుట్టూ తిరుగుతన్నావు? నాను నూని దొంగననుకున్నావేటి?"

"నీ రక్తం బాగుంది తవిటమ్మత్తా. ఎందుకు బాగుందో చూద్దామని."

"బాగుంటే నీకు కష్టమేటి?" అంది గాని, కూడా ఉండమంది. ఆవిడకి మాట్లాడే మనిషి కావాలి.

మధ్యాహ్నం అందరూ కడుగుడువాళ్ళ వంటశాలకి వెళ్ళారు. ఉప్పు తక్కువ వేసి వండే వేరే పొయ్యి అది. తవిటమ్మ మాత్రం గిన్నెలో వట్టి అన్నం పెట్టించుకుని తన గదికి నడిచింది. పెట్టె మీద కూర్చుని, అన్నం చల్లారేదాకా నాకు తన కాళ్ళ నొప్పులన్నీ చెప్పింది. అప్పుడు ఉల్లిపాయ చితక్కొట్టి, నిమ్మచెక్క పిండి, పేరు రాసిన సీసా మూత తీసి నూనె పచ్చిగా అన్నం మీద పోసింది. కలిపి, ముద్దలు చేసి, తీరుబడిగా తింది.

"ఆ పైడిరాజు సేతి కూర నానొల్లను," అంది. "ఉప్పెక్కువ ఏసేనని నన్ను పొయ్యి కాడినుంచి లేపీసి ఆడిని కూకోబెట్టినావు. మర్సిపోనాననుకున్నావేటి?"

నిజమే, ఆవిడే మా మొదటి వంటమనిషి. రోగులకి ఉప్పు పెడుతోందని మాన్పించింది నేనే. ఆవిడకీ ఇప్పటి వంటవాడు పైడిరాజుకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇక్కడ గడ్డి మొలవదు కాబట్టి సరిపోయింది.

"మరి మిగతావాళ్ళ సీసాలు ఏమవుతాయి?" అని అడిగాను.

"ఏటవుతాయి? పొయ్యి మీదకి పోతాయి. ఆ సిటపటలన్నీ ఏటనుకున్నావు?"

లేచి వంటశాలకి పరిగెత్తాను. చెప్పులు వేసుకోవడం మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది.

రోజు 34, సాయంత్రం

పైడిరాజు మంచివాడు. అరవై ఏళ్ళు, పని అంటే భక్తి. నేను వెళ్ళేసరికి రాత్రి కూర కోసం ఇరవైరెండు సీసాల నూనె ఒకటే మూకుడులో కాగుతోంది. పొగ లేచేదాకా కాచి ఆవాలు వేశాడు, అవి చిటపటలాడాక ఎండుమిర్చి, కరివేపాకు. ఆ వాసనకి వరండాలో అందరి మాటలూ ఆగిపోతాయి. మా గుమ్మటంలో ఇల్లు గుర్తొచ్చే వాసన అదొక్కటే.

"మావా, ఈ నూనె ఎప్పటి నుంచి కాస్తున్నావు?"

"నువ్వు సెప్పిన కాడినుంచేనమ్మా."

"నేనా?"

గరిటెతో గోడ చూపించాడు. గాజు పలక వెనక, పసుపు బొట్టుతో సహా, ఒక కాగితం. "నాచునూనె పచ్చిగా తాగిన రోగులకు వాంతులు అవుతున్నందున, ఇకపై వారి నూనెను తాలింపులో వేసి ఇవ్వవలెను." కింద నా సంతకం. తారీకు మేం వచ్చిన మొదటి ఏడాదిది. రాసిన సంగతే మరిచిపోయాను.

మూకుడులోంచి ఒక చుక్క తీసి యంత్రంలో వేశాను. అసలు కొవ్వులో పదోవంతు మిగిలింది. ఈ రకం కొవ్వు సుకుమారం, మంటకి విరిగిపోతుంది. ఆ సంగతి నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా తెలుగువాడికి కూర వండమంటే చెయ్యి తాలింపు మీదకే పోతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నాకూ అలాగే పోయింది. చూసినవాళ్ళెవరికీ అందులో వింత కనిపించలేదు.

రోజు 35

ఈ ఎనిమిదేళ్ళలో ఇద్దరు ఈ కుర్చీల్లో ఉండగానే గుండె ఆగి పోయారు. కూర్మారావు, నీలవేణి. దీనివల్లే పోయారని ఎవరూ చెప్పలేరు. కాదని నేనూ చెప్పలేను. వాళ్ళ పేర్లు ఈ పుస్తకంలో ఉండాలి, అందుకే రాశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

వరహాలుని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. తప్పు తొట్టెలది కాదు, నూనెది కాదు, నాది అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను.

"అయితే నా నూని మంచిదే కదా," అంది.

"బంగారం."

"మరి ఇంకా అరవై రోజులున్నాయి. ఏడుపు ఆపి సూది ఎయ్యి."

డాక్టరు గారికి కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ గొంతు మెత్తబడింది. "చెప్పినందుకు సంతోషం. కానీ దమయంతి గారూ, కొవ్వు చేరేది కొత్తగా పుట్టే ఎర్రకణాల్లోనే. పాతవి పోయి కొత్తవి నిండాలంటే నాలుగు నెలలు. మీకున్నది రెండు. జాడీ అంతకాలం ఆగదు."

రోజు 36

ఆగనక్కర్లేదు.

పొద్దున మూడో కుర్చీ అతనికి వారం వారం వేసే నెత్తురు పుట్టించే సూది వేస్తూ, ఎప్పటిలాగే మనసులో తిట్టుకుంటున్నాను. మూత్రపిండాలు లేనివాళ్ళకి రక్తం నిలవదు. ఎంత పట్టించినా తరిగిపోతుంది. ఎందుకు తరుగుతుందంటే వాళ్ళ ఎర్రకణాలు మనలా నాలుగు నెలలు బతకవు, రెండు నెలలకో కాస్త పైనో చచ్చిపోతాయి. సూది అతని చేతిలో ఉండగానే నాకు వెలిగింది.

నాలుగు నెలల లెక్క ఆరోగ్యవంతులది. వరహాలు రక్తం రెండు నెలల్లోనే మారిపోతుంది. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏడిపించిన జబ్బే ఇప్పుడు మాకు రోజులు మిగిలిస్తోంది.

రేడియోలో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చాలాసేపటికి, "నా లెక్క తప్పు. మీరే కరెక్టు. వెంటనే మొదలుపెట్టండి, సూది మాత్రం ఆపకండి," అన్నారు డాక్టరు గారు. మూడో కుర్చీ అతను తన చేతిలోంచి సూది తియ్యడం మరిచిపోయానని గుర్తుచేశాడు.

రోజు 41

అనుకున్నంత తేలిక కాదు. వంటశాలలో తాలింపుకి సోయానూనె వాడమన్నాను, నాచునూనె సీసా విడిగా ఇమ్మన్నాను. పైడిరాజు గోడ మీది కాగితం తీసేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. మిగతావాళ్ళు మూతులు ముడుచుకుని ఎలాగో మింగారు. వరహాలు మాత్రం పోసినంతా కక్కేసింది. నాలుగు రోజులుగా ఇదే వరస. రోజంతా తొట్టెల మధ్య ఉండే మనిషికి ఆ పచ్చి వాసన నోట్లోకి వచ్చేసరికి కడుపులో తిప్పుతోంది.

ఇక లాభం లేదని తవిటమ్మ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి దగ్గర నుంచి లేపేసినందుకు ఎనిమిదేళ్ళ తరవాత క్షమాపణ అడిగాను. ఆవిడ పూర్తిగా అడిగించుకుంది, ఒక్క మాట కూడా తగ్గనివ్వలేదు.

ఆ తరవాత గిన్నె పట్టుకుని వచ్చి వరహాలు ఎదురుగా చతికిలబడింది. పైడిరాజు అన్నం తెచ్చి, ఆవిడ వైపు చూడకుండా కింద పెట్టాడు.

"యేడన్నంలో పోస్తే వాసన పైకి లేస్తాది," అంది తవిటమ్మ, ఎవరికో చెప్పినట్టు. "సల్లారనియ్యాలి. ఉల్లిపాయ కొయ్యకూడదు, సితక్కొట్టాలి. నిమ్మకాయ ఆఖర్న. ముక్కు మూసుకోకే గుంటా, నోరు తెరు."

ఒక్కో ముద్దా చేత్తో పెట్టింది. వరహాలు ఏడు ముద్దలు తింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి అరగంట చూశాం. కక్కలేదు.

"రేపు కూడా నాకు నువ్వే పెట్టాల అత్తా," అంది వరహాలు.

"ఆ, నాకేటి పని నేదనుకున్నావా," అంది తవిటమ్మ. కానీ పైడిరాజు వైపు తిరిగి, "రేపు అన్నం కాస్త మెత్తగా వొండు," అంది. వాళ్ళిద్దరి మధ్య ఎనిమిదేళ్ళలో అదే మొదటి మాట.

రోజు 58

4.2. కుర్చీల మధ్య నడుస్తున్నాననుకున్నాను గాని అందరూ గెంతుతున్నావన్నారు.

రోజు 72

5.0. అందరి అంకెలూ లేస్తున్నాయి. మూడో కుర్చీ అతనికి 4.9. ఒకరి అంకె ఇంకొకరు అడిగి పందేలు వేసుకుంటున్నారు. గుమ్మటం మొత్తానికి ఇప్పుడు మా గదే వినోదం. మా ఆయన మంచుగని నుంచి రోజూ ఒకే ప్రశ్న పంపుతున్నాడు: ఎంత?

రోజు 85

5.4. లేవాల్సినంత లేవలేదు. మధ్యలో మూడు రోజులు దుమ్ము గాలికి కరెంటు తగ్గి తొట్టెలు మందగించాయి, సీసాలు సగమే నిండాయి. ఇరవైరెండుమందీ నాకు చెప్పకుండా తమ సీసాల్లోంచి వరహాలు గిన్నెలోకి తలా కాస్తా వంచారట. ఈరోజే తెలిసింది. వాళ్ళ అంకెలు తగ్గుతాయి కాబట్టి కోప్పడాలి. కోప్పడబోయి ఫిల్టర్ల గదిలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

రోజు 93

5.8. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఈ పుస్తకంలో ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

రోజు 96

బండ్లు వచ్చాయి. దుమ్ము దులుపుకుని డాక్టర్ మెహరున్నీసా గారే స్వయంగా దిగారు. ఇన్నేళ్ళ గొంతుకి ఈరోజు ముఖం దొరికింది. పొట్టి మనిషి, తెల్లజుట్టు. నా యంత్రం వద్దన్నారు, తనదే తెచ్చుకున్నారు. నేనైనా అదే చేసేదాన్ని.

రక్తం తీశాను. చుక్క డాక్టరు గారికి అందిస్తుంటే వరహాలు పిలిచింది.

"వదినా, అంకె నాకు సెప్పకు. పద అంటే లేస్తాను, ఒద్దంటే కూకుంటాను."

గదినిండా జనం. వంటశాల నుంచి పైడిరాజు గరిటెతోనే వచ్చేశాడు. తవిటమ్మ పక్క కుర్చీ లాక్కుని వరహాలు చెయ్యి పట్టుకుంది. యంత్రానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ ఎలా గడిచాయో నన్ను అడగొద్దు.

డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. మళ్ళీ చూశారు. తరవాత వరహాలు దగ్గరికి వచ్చి, "పద," అన్నారు.

6.1.

రోజు 102

ఈరోజు ఆపరేషను. జాడీకి ఇంకా మూడు రోజుల గడువు ఉంది. ఎనిమిది కుర్చీలకీ మామూలుగానే నీళ్ళు వదిలాను. రెండో కుర్చీ ఖాళీ. ఒంటిగంటకి రేడియోలో ఒక నర్సు చెప్పింది: మత్తు ఇచ్చారు, గుండె నిలకడగా కొట్టుకుంటోంది. నాలుగింటికి: కుట్లు పూర్తయ్యాయి. మూత్రపిండం రంగు తిరిగింది, ఇంకా పని మొదలుపెట్టలేదు.

ఇంకా అంటే ఎంతసేపని అడిగాను. కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు అసలు మొదలుకాదు అంది.

రోజు 103

తొమ్మిదిన్నరకి రేడియో పలికింది. డాక్టరు గారనుకున్నాను.

"వదినా," అంది వరహాలు. గొంతు పీలగా ఉంది. "వదినా, పోసీసేను."

నాకు అర్థం కాలేదు. "ఏం పోశావు?"

"ఉచ్చమ్మా, ఉచ్చ. ఎనిమిదేళ్ళయి మర్సిపోనాను కదా, ఎలగుంటాదో. ఇక్కడందరూ సీసా ఎత్తి పట్టుకుని సూస్తన్నారు, సిగ్గుగా ఉంది."

మైకు అందరికీ వినిపించేలా ఉంది, ఆ సంగతి నేను చూసుకోలేదు. ఏడు కుర్చీలూ ఒక్కసారి నవ్వాయి. మూడో కుర్చీ అతను ఏడ్చాడు కూడా. తవిటమ్మ మైకులో నోరు పెట్టి, "ఎంత పోసినావే?" అని అడిగింది.

"నూటెనబై మిల్లీలీటర్లంట అత్తా."

రోగుల రిజిస్టరు తెరిచాను. బరువు, రక్తపోటు, కడిగిన గంటలు, తీసిన నీరు, అన్నిటికీ గడులు ఉన్నాయి. దీనికి లేదు. ఎనిమిదేళ్ళలో ఎవరికీ అవసరం పడలేదు. స్కేలు తెచ్చి, పేజీ అంచున కొత్త గీత గీసి, పైన 'మూత్రం' అని రాసి, వరహాలు వరసలో ఆ అంకె వేశాను. కింద ఇంకా ఇరవైరెండు గడులు ఖాళీగా ఉన్నాయి.